బల్ల మీద రెండు వేళ్లు

పక్కింటావిడ దగ్గర కూతురి నోట చైనీస్ మాట వింటే హేమలీలకు కడుపు మండేది. ఈ సంగతి ఆమె కట్టుకున్నవాడితో కూడా ఏనాడూ అనలేదు.

మలేషియాలో, వాళ్లుండే ఈపోలో, చైనీస్ బడిలో తనూషకు సీటు దొరకలేదు. అయితేనేం, నేనే నేర్పుతానని హేమలీల పంతం పట్టింది. పొయ్యి దగ్గర నిలబడి ఫోనులో పాఠాలు వింటూ తనంతట తానే నేర్చుకుంది. తీరా ఆమె అడిగితే పిల్ల నోరు మెదపదు. పక్కింటి చైనీస్ ఆవిడ మేలిన్ ఆంటీ వాకిట్లో కూర్చుని టీ తాగుతూ మాత్రం గలగలా మాట్లాడుతుంది. చూసి ఓర్వలేక హేమలీల పిల్లను అక్కడికి వెళ్లడం మాన్పించింది. అంతే, ఆ పిల్ల చైనీస్ ఊసే ఎత్తడం మానేసింది.

హేమలీలకు సందేహాలు తీర్చేది అప్పన్న మాస్టారు. చైనీస్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన తెలుగాయన. అడిగినదానికి సూటిగా జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఓ ఆదివారం ఆమె పిల్లను వెంటబెట్టుకుని వెళ్లింది.

"కన్నది నేను, కష్టపడి నేర్చుకున్నది నేను. నా దగ్గర పెగలని నోరు ఆవిడ దగ్గరెలా పెగులుతుంది మాస్టారూ?"

"ముందు టీ తాగుదాం" అన్నారాయన. చామంతి టీ కాచి తెచ్చి, మొదట తనూష కప్పులో పోశారు. పిల్ల రెండు వేళ్లు మడిచి బల్ల మీద టకటకా కొట్టింది.

"చూశారా! ఇంట్లోనూ ఇదే వరస. పాలు పోసినా దరువే, చారు పోసినా దరువే!" హేమలీల ఆ చేతి మీద ఒక్కటి చరిచింది. పిల్ల చెయ్యి ఒళ్లోకి లాక్కుంది.

మాస్టారు తన కప్పు పిల్ల ముందుకు జరిపారు. "నాకు నువ్వు పొయ్యమ్మా."

తనూష రెండు చేతులా కెటిల్ పట్టుకుని ఒలకకుండా పోసింది. ఆయన రెండు వేళ్లు మడిచి బల్ల మీద మెల్లగా తట్టారు.

పిల్ల ముఖం విప్పారింది. "తాతగారూ, మీక్కూడా తెలుసా?"

"ఏం తెలుసు?"

"పెద్దవాళ్ల మాటలకి అడ్డురాకుండా, టీ పోసినవాళ్లకి ఇలా థాంక్స్ చెప్పాలంది ఆంటీ. అమ్మకి రోజూ చెప్తున్నా. అమ్మేమో కొడుతుంది."

హేమలీల కూతురి వైపు తిరిగింది.

"పిల్ల నీతో మాట్లాడటం లేదని కదూ అన్నావు?" అన్నారు మాస్టారు.

సిగ్గుతో హేమలీల తల వాలిపోయింది. అప్పుడు కూడా, ఆ మర్యాద నేర్పింది తను కాదే అని గుండెలో ఓ మూల చురుక్కుమంది. ఆ చురుకును దిగమింగి ఆమె కూతురి చెయ్యి అందుకుంది. అంత నేర్చుకున్నా, పక్కింటావిడతో తను ఒక్క చైనీస్ మాటైనా ఆడలేదని అప్పుడు తోచింది.

"మేలిన్‌కి ఫోన్ చేస్తాను మాస్టారూ. పిల్లతో పాటు నన్నూ టీకి రానిస్తుందేమో, చైనీస్‌లోనే అడుగుతాను."

"అడుగు. కప్పులో పోశాక ఏం చెయ్యాలో మాత్రం నీ కూతుర్ని అడుగు."