తడిచీర గవరమ్మ

కోటమండవ పాతబజారులో బస్సు దిగి, రాళ్లు పరిచిన అద్దకం వీధిలో నడిచి గుడి ముందుకు రాగానే భక్తుల నెత్తిన చల్లగా ఒక చుక్క పడుతుంది. వాన కాదు. వీధికి అడ్డంగా కట్టిన తాడు మీద అమ్మవారి చీర ఆరుతూ ఉంటుంది. ఆరుతూ ఉంటుందే గాని, ఇంతవరకు ఆరలేదు.

పూర్వం ఇక్కడ, అంటే కృతయుగంలో కాదు, ఈ వీధికి సుందరీకరణ పట్టిన కాలంలో, నూకరత్నం అనే భక్తురాలు ఉండేది. గవరమ్మ తల్లి విడిచిన చీరతో పాటు వీధివారందరి బట్టలూ ఉతికి, ఇంటికీ ఇంటికీ మధ్య కట్టిన తాళ్ల మీద ఆరవేసి బతికేది. గోడలకు రంగులు పడ్డాయి, పూలకుండీలు వచ్చాయి, వీధి కళకళలాడింది. ఆ కళకు తగ్గట్టే అద్దెలూ పెరిగాయి. బట్టలు వేసేవారు ఒక్కొక్కరే ఊరిచివరి కాలనీకి తరలిపోగా నాలుగు కుటుంబాలు మిగిలాయి. చివరకు, మంత్రిగారు ప్రారంభోత్సవానికి వచ్చేలోగా వీధిలో ఒక్క తాడు కూడా కనపడరాదని ఆజ్ఞ వచ్చింది. తాళ్లు పోతే నూకరత్నానికి పని లేదు. పని లేకపోతే గది లేదు.

ప్రారంభోత్సవం నాటి శుక్రవారం ఉదయమే దివాకరం అనే అధికారి నిచ్చెనతో, కత్తితో, ఇద్దరు మనుషులతో వచ్చి తాళ్లు కోయించాడు. గుడి ఎదుటి తాడొక్కటే మిగిలింది. కత్తి దాని మీద పడబోతుండగా నూకరత్నం అమ్మవారి తడి చీరను దాని మీదికి విసిరింది.

"కొయ్యండి బాబూ. తల్లి చీర నేలన పడితే ఆ పాపం ఎవరిదో ముందే అనుకోండి. ఆరేదాకా తాడు ముట్టొద్దని కల్లో చెప్పింది."

ఆ కలను అమ్మవారు అప్పటికప్పుడు, పట్టపగలు, నిలబడి ఉన్న మనిషికి ప్రసాదించిందని పెద్దల మాట. దేవతలకు వేళాపాళా ఏముంటుంది?

నిచ్చెన మీది మనిషి గబగబా దిగిపోయాడు. "సరే, ఆరాకే కోద్దాం," అని దివాకరం కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎండ మండుతోంది. వీధికుళాయిని పూలకుండీల కోసం ఎప్పుడో పీకేశారు. నాలుగిళ్లవారూ వంటకు పట్టుకున్న నీళ్లు తెచ్చి డాబా మీది నుంచి చీర మీద పోశారు. బిందెలు ఖాళీ అయ్యాయి. కొంగు తేలికై గాలికి ఎగరసాగింది. అధికారి లేచి అంచు తడిమి, "కొంగు ఆరిందమ్మా. ఇక కుచ్చిళ్లే," అని నవ్వాడు.

అప్పుడు ఎదుటి కొత్త కాఫీ కొట్టు తలుపు తెరుచుకుంది. యజమానురాలు హిమజ ఐసు ముక్కలు తేలుతున్న బకెట్టుతో వచ్చింది.

నూకరత్నం అడ్డం నిలిచింది. "నీ కొట్టు ముందు చీరలు వేలాడితే బేరం పోదూ?"

"ప్రారంభోత్సవం కాగానే నా అద్దె కూడా పెంచుతారట పిన్నీ. తప్పుకో, పోయనీ."

చీర మళ్లీ తడిసింది. అంతలో సన్నాయి మోగింది. మంత్రిగారు తాడు కింద నడుస్తుండగా ఆయన బట్టతల నడిమధ్య టప్పున ఒక చుక్క పడింది. దివాకరం జేబురుమాలు తీస్తూ పరుగున వచ్చాడు. మంత్రిగారు తల తడుముకుని, పైన చీరనూ ఎదుట గుడినీ చూసి, రెండు చేతులూ జోడించారు.

"అమ్మవారి తీర్థమా! ఎంత అదృష్టం!"

ఆపైన ఆ తాడు కోసే కత్తి కోటమండవలో పుట్టలేదు.

నేటికీ చీర ఆరకుండా చూడటం ఇక్కడి ఆచారం. కాలనీకి పోయినవారు శుక్రవారం మొదటి బస్సుకు వచ్చి, ఒకప్పటి తమ గుమ్మాల ముందు కాసేపు నిలబడి, తొలి చెంబులు పోస్తారు. తల్లి వారిని వెనక్కి తేలేకపోయింది. మిగిలినవారిని మాత్రం కదలనివ్వలేదు. భక్తులు మొక్కుకుని తెచ్చే చీరలన్నీ తడిపి తాడున వేసేది నూకరత్నమే. ఆమె గది గుడి పక్కనే ఉంది. చుక్క నెత్తిన పడినవారికి ఆ ఏడాది "ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్న మాట వినపడదని అద్దె ఇళ్ల భక్తుల నమ్మకం. ఇంటి యజమానులు కూడా దర్శనానికి వస్తుంటారు, చుక్క పడితే ఆ మాట తమ నోట రాదేమోనని, గొడుగులు వేసుకుని.

కావున భక్తులు చెప్పులతో పాటు గొడుగులు కూడా వీధి మొదట్లోనే విడిచి రావలెను.