ముఖం చూసి చెప్పిన తీర్పు

నక్కలరేవు అనే జాలరిపల్లెకు పోలయ్య పెద్దగా ఉండేవాడు. ముఖం చూస్తే చాలు, దొంగెవరో చెప్పేస్తానని ఆయనకు మహా గొప్ప! పోలీసులు నెలల తరబడి తిరిగినా తేలనిది ఆయనకు ఒక్క చూపులో తేలిపోయేదట.

ఒకరోజు పొద్దున్నే సూరన్న లబోదిబోమంటూ వచ్చాడు. పాకలో పెట్టిన అతని వల పదిచోట్ల తెగిపోయి ఉంది. ఊరంతా ఒడ్డున చేరింది. పోలయ్య అందరి ముఖాలూ చూసుకుంటూ వచ్చి ఎర్రబాబు ముందు ఆగాడు. పాపం, ఎర్రబాబుకు బుగ్గమీద పెద్ద గాటు, పైగా నత్తి. ముందురోజే సూరన్నతో గొడవపడ్డాడు కూడా.

"చూడండి ఆ చెమటలు! వీడే!" అన్నాడు పోలయ్య. "ఇవాళ్టి నుంచి వీడి పడవకు ఎవరూ భుజం పట్టకూడదు."

ఆ ఒడ్డున పదిమంది తోస్తే గానీ పడవ నీళ్లలోకి దిగదు. అంటే ఎర్రబాబు ఇంట్లో ఇక పొయ్యి వెలగదన్నమాట. "నే... నేను కాదు" అని అతను నత్తిగా అంటున్నా ఎవరూ వినిపించుకోలేదు.

అతని భార్య దేముడమ్మ మాత్రం ఊరుకోలేదు. వలలు బాగుచేయడంలో చేయి తిరిగిన మనిషి ఆమె.

"పెద్దయ్యా, మా మావ ముఖం చూశావు. వల చూశావా?" అని నిలదీసింది.

పోలయ్య గతుక్కుమన్నాడు. "వలలో చూసేదేముందే?"

"అంతా అందులోనే ఉంది!" అంటూ ఆమె వల తెప్పించి, ఒక పోగును కత్తితో కోసింది. "కత్తి కోత ఇలా నున్నగా ఉంటుంది. మిగతావి చూడు, నమిలినట్టు పీచులు పీచులుగా ఉన్నాయి. పద పాకలోకి!"

పాకలో మూల గోనెసంచులు లేపారు. అమ్మబాబోయ్, ఎలుకల గూడు! దాన్నిండా వల పీచులే. చేపల ముక్కలు అంటిన వలను సూరన్న కడగకుండా కుప్పేశాడు మరి.

"వీటి ముఖాలు కూడా చూసి చెప్పు పెద్దయ్యా!" అన్నారెవరో. ఊరంతా గొల్లున నవ్వింది.

పోలయ్య తల దించుకున్నాడు. "తప్పయిపోయింది తమ్ముడూ" అని ఎర్రబాబు చేతులు పట్టుకున్నాడు. అందరికంటే ముందు తనే పడవకు భుజం పట్టాడు. కేకల మధ్య పడవ కెరటం ఎక్కింది. దేముడమ్మ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. అప్పటినుంచి ఎవరు ఫిర్యాదు తెచ్చినా పోలయ్య ముందు ఆమెనే పిలిచేవాడు.

నీతి: ఎవరు చేశారని అడిగేముందు ఏం జరిగిందో చూడాలి. ఆధారం చూడకుండా చెప్పిన తీర్పే అన్నిటికంటే పెద్ద నేరం.