అంతా బాగుందన్నా

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఎటు చూసినా చెట్లే. చెట్లు లేని బయలు ఒక్కటే ఉండేది, వాగు పక్కన. ఆ బయల్లో జంతువులు ఫుట్‌బాల్ ఆడుకునేవి. బంతి రబ్బరుది కాదు. తీగలు అల్లి, లోపల బూరుగుదూది కూరి చేసుకున్న బంతి.

ఆ బయలు వాగుగట్టు జట్టుది. వాళ్ళ పెద్ద కోచ్ ఎలుగుబంటి అప్పలసామి. మనసు మంచిదే, నోరే పెద్దది. అతని కింద ఇద్దరు చిన్న కోచ్‌లు. ఒకరు నక్క పైడయ్య. ఇంకొకరు ముళ్ళపంది గవరమ్మ.

గవరమ్మకి ఆటంటే ప్రాణం. కానీ ఆడే యోగం లేదు. ఆమె తాకితే చాలు, ముళ్ళు దిగి బంతిలో దూది బయటికొచ్చేసేది. అందుకని గీత బయట కూర్చుని చూసేది. పొద్దున్నే ఆటగాళ్ళని పరిగెత్తించడం, దెబ్బ తగిలితే ఆకుపసరు రాయడం ఆమె పని. అందరూ ఆమెని పిన్నీ అనేవారు. పెద్ద కోచ్‌కి చెప్పుకోలేనివి ఆమెకి చెప్పుకునేవారు.

ఆ జట్టులో ఒక ఆచారం ఉండేది. ఆటకి ముందు అప్పలసామి చిన్న కోచ్‌లిద్దరినీ ఎదురుగా నిలబెట్టి, "ఏమైనా చెప్పేదుందా?" అని అడిగేవాడు.

"అంతా బాగుందన్నా" అనేవాడు పైడయ్య.

"అంతా బాగుందన్నా" అనేది గవరమ్మ.

అలా అడగడం అతనికి అలవాటు. ఇలా అనడం వీళ్ళకి అలవాటు.

ఒక ఏడు కొండమీది అడవిపందుల జట్టు దిగొచ్చింది. "నాలుగు ఆటలు ఆడదాం. నాలుగూ మీరు ఓడితే ఈ బయలు మాది" అన్నాయి పందులు. "నాలుగూనా? ఒక్కటి గెలిచి చూడండి!" అని మీసం తిప్పాడు అప్పలసామి. జట్టులో చుక్కడనే జింక ఉన్నాడు. గోలు కొట్టడంలో వాడికి సాటి లేదు. ఆ ధైర్యం.

మొదటి ఆట ఓడిపోయారు.

అందరూ ఏదో ఖర్మ అనుకున్నారు. గవరమ్మ మాత్రం ఒకటి చూసింది. బంతి కుడికాలి వైపు వస్తే చుక్కడు వదిలేస్తున్నాడు. వాగు దగ్గర వాడిని పట్టుకుని, "ఏదీ, కాలు చూపించు" అంది. గిట్టల సందులో తుమ్మముల్లు విరిగి ఉండిపోయింది. చుట్టూ వాచింది.

"పెద్ద కోచ్‌కి చెప్పకు పిన్నీ! చెబితే నన్ను పక్కన కూర్చోబెట్టేస్తాడు. ఒట్టు వెయ్యి" అని ఏడ్చాడు చుక్కడు.

గవరమ్మ మనసు కరిగిపోయింది. ఒట్టు వేసింది. పసరు రాసింది.

రెండో ఆట ముందు, "ఏమైనా చెప్పేదుందా?" అన్నాడు అప్పలసామి. గవరమ్మకి ఒట్టు గుర్తొచ్చింది. "అంతా బాగుందన్నా" అంది. ఆ ఆటా పోయింది.

మూడో ఆట ముందు ఆమె నోరు తెరిచింది. "అన్నా, మన చుక్కడు..."

"చుక్కడికేం? పెద్ద కోచ్ నువ్వా, నేనా?" అని గర్జించాడు అప్పలసామి.

గవరమ్మ తల దించుకుంది. "అంతా బాగుందన్నా."

ఆ రోజు చుక్కడి ముందు గోలు ఖాళీగా ఉంది. అడ్డం ఎవరూ లేరు. తన్నబోయి, కుడికాలు మడతపడి, మట్టిలో పడిపోయాడు. పందులు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

ఇక మిగిలింది ఒక్క ఆట. అది పోతే బయలు పోతుంది. బయలు పోతే జట్టే ఉండదు. జట్టు లేకపోతే, ముళ్ళపందిని పిన్నీ అని పిలిచేదెవరు?

నాలుగో ఆట రోజు పొద్దున పైడయ్య ఆమె పక్కన చేరాడు. "ఆ జింక కాలి సంగతి నాకూ తెలుసులే గవరమ్మా. నోరు మూసుకుని ఉండు. ఓడితే ఈ అరుపులాయన్ని అందరూ కలిసి తరిమేస్తారు. అప్పుడు పెద్ద కోచ్‌ని నేను. నా తర్వాత నువ్వే."

"మరి బయలు?"

"పోతే పోనీ. అడవిలో ఇంకో బయలు దొరక్కపోతుందా?"

గవరమ్మ లేచింది. తిన్నగా చుక్కడి దగ్గరికి వెళ్ళింది. "ఒరే నాయనా, నీకు వేసిన ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. ఇవాళ చెప్పేస్తాను."

"చెబితే నువ్వు నా పిన్నివి కాదు!"

"కాకపోతే కాకపోనీ. నీ వెనకాల చెప్పను. నువ్వూ రా, నీ ఎదురుగానే చెబుతాను."

బయలు చుట్టూ అడవంతా మూగింది. పందులు అప్పుడే నేలని కాళ్ళతో గీరుతున్నాయి. అప్పలసామి మొహం ముడుచుకుని అడిగాడు. "ఏమైనా చెప్పేదుందా?"

"అంతా బాగుందన్నా!" అన్నాడు పైడయ్య.

గవరమ్మ ఒక అడుగు ముందుకేసింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గలగలమన్నాయి. "బాగాలేదన్నా" అంది.

"ఏంటీ?"

"చుక్కడి కాల్లో ముల్లుంది. వాడు ఇవాళ ఆడకూడదు."

అప్పలసామి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఎప్పటినించీ?"

"మొదటి ఆట నించీ."

"మూడు ఆటలు పోయాక ఇప్పుడా చెప్పేది? ప్రతిసారీ అడిగానా, లేదా?"

"అడిగావన్నా. చెప్పకపోవడం నా తప్పే. వాడి మీద జాలి, నీ మీద భయం, రెండూ కలిసి నా నోరు నొక్కేశాయి. కానీ అన్నా, బాగుందనిపించుకోడానికే అడుగుతున్నావేమో అనిపించేది."

అప్పలసామి చెయ్యెత్తాడు. గవరమ్మ కళ్ళు మూసుకుంది గానీ అక్కడినించి కదల్లేదు. ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. అప్పలసామి మోకాళ్ళ మీద కూర్చుని చుక్కడి కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. వాపు చూశాడు.

"దీంతోనా పరిగెత్తావురా, పిచ్చోడా?" అతని గొంతు మారిపోయింది. తర్వాత గవరమ్మ వైపు తిరిగాడు. "మరి వీడి బదులు ఎవరిని దించను?"

"కుందేలు పిసరుని దించన్నా. దాని తన్ను చిన్నదే. కానీ పందులు తిన్నగా తప్ప పరిగెత్తలేవు. రోజూ పొద్దున్నే చూస్తున్నానుగా, పిసరు మలుపు తిరిగితే దాన్నెవరూ పట్టలేరు."

కొంగ కూత వేసింది. ఎప్పుడూ ఆట నడిపేది అదే. ఆట మొదలైంది.

పందులు దూసుకొచ్చాయి. వచ్చీ రాగానే ఒక గోలు కొట్టేశాయి. "చూశావా నీ సలహా!" అని గొణిగాడు పైడయ్య. చుక్కడు గవరమ్మకి అటుపక్కన కూర్చున్నాడు. ఆమె మొహం కూడా చూడటం లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆట అయిపోయిందని కూత వేయడానికి కొంగ మెడ చాపుతోంది.

అప్పుడు బంతి పిసరుకి దొరికింది. మూడు పందులు ఒక్కసారిగా మీదికొచ్చాయి. పిసరు కుడికి తిరిగింది. ఒక పంది వాగులో పడింది. ఎడమకి తిరిగింది. రెండోది పొదలో దూరింది. మళ్ళీ తిరిగి, ఉన్న బలమంతా పెట్టి ఒక తన్ను తన్నింది. బంతి మెల్లగా దొర్లింది. వెనకాల వస్తున్న మూడో పంది ఆగలేక బంతి మీదే జారిపడింది. దాని పిర్ర తగిలి బంతి గోలులోకి వెళ్ళి కూర్చుంది!

వెంటనే కొంగ కూత వేసింది. ఒకటికి ఒకటి. గెలవలేదు. ఓడనూ లేదు. బయలు మిగిలింది!

చుక్కడు ఒళ్ళు మరిచి గవరమ్మని వాటేసుకున్నాడు. "అబ్బా! ముళ్ళు పిన్నీ, ముళ్ళు!" అని అరిచాడు. పిన్నీ అన్న మాటకి గవరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత అప్పలసామి ఆచారం మార్చేశాడు. ఆటకి ముందు నేల మీద చతికిలబడి, "ఏం బాగాలేదో చెప్పండి" అని అడిగేవాడు. గవరమ్మ చెప్పేది. అతను కసిరేవాడు, గొణిగేవాడు, అయినా వినేవాడు. పైడయ్యనీ తరిమెయ్యలేదు. రోజుకొక తప్పు చూపిస్తేనే వాడికి కూడు అన్నాడు. పాపం, మొదటి రోజు పైడయ్య పొద్దుగూకేదాకా ఆకలితోనే ఉన్నాడు. చివరికి తోక ముడిచి, "అన్నా... నువ్వు మరీ అరుస్తావన్నా" అన్నాడు.

అప్పలసామి పగలబడి నవ్వాడు. "అదిగో, ఇప్పుడయ్యావురా కోచ్‌వి!"

నీతి: పక్కన నిలబడేవాళ్ళ పని తల ఊపడం కాదు, ఎదుటివాళ్ళకి కోపం వచ్చినా సరే, తప్పుని ఎదురుగా, సమయానికి చెప్పేవాళ్ళే మనవాళ్ళు.