నూకరత్నం వదిలిన పట్టు

పేర్రాజు మాష్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, నడక వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రం చెబుతున్న మనిషి. అడిగినవాళ్ళ ముఖంలోకి ఒకసారి చూసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "పద" అంటారు. ఎక్కడికని అడగకూడదు. అలా వెంట వెళ్ళి జవాబు దొరికించుకున్నవాళ్ళున్నారు, కాళ్ళనొప్పులతో తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు.

నీలవేణి ఆ రెండో జట్టులో చేరడానికి ఎంతమాత్రం సిద్ధంగా లేదు. పీజీ విద్యార్థిని, సోమవారం మొదటిసారిగా జూనియర్లకు పాఠం చెప్పాలి. పాఠం పొటాషియం ద్వారాల గురించి. కణం పొరలోని ఆ సన్నటి ద్వారాల గుండా పొటాషియం రేణువులు సెకనుకు కోటి చొప్పున బయటికి పోతాయి. అలా పోబట్టే రేగిన నరం మళ్ళీ సర్దుకుంటుంది, బిగిసిన గుండె మళ్ళీ వదులవుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. సోడియం అంతకంటే చిన్నది, దాన్ని మాత్రం ఆ ద్వారం పోనివ్వదు! కారణం పుస్తకంలో ఉంది, ఆమెకు కంఠతా వచ్చు, నమ్మకమే కుదరలేదు. తాను నమ్మనిది పిల్లల ముందు నిలబడి చెప్పనని భీష్మించుకుంది.

"పెద్దదాన్ని పంపి చిన్నదాన్ని ఆపే ద్వారం ఎక్కడైనా ఉంటుందా సార్? రెంటినీ నీటి రేణువులు చుట్టూ పట్టుకునే ఉంటాయి. లోపలికి దూరాలంటే ఆ పట్టు వదలాలి, సరే. పొటాషియాన్ని వదిలే నీళ్ళు సోడియాన్ని ఎందుకు వదలవు?"

"పద," అన్నారు మాష్టారు.

ఆయన తీసుకెళ్ళింది ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల గదికి. అక్కడంతా గొడవగా ఉంది. నూకరత్నం అనే బాలింత మంచం మీద కూర్చుని, రొమ్ముకు కట్టుకున్న బిడ్డను రెండు చేతులా పొదువుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. కాన్పై ఎనిమిది రోజులు. మాయ ముక్క ఒకటి లోపల ఉండిపోయి, పొద్దుటి నుంచి నెత్తురు పోతోంది. వెంటనే థియేటరుకు తీసుకెళ్ళకపోతే మనిషి దక్కదు. బిడ్డ చూస్తే కిలోంపావు. వెచ్చటి పెట్టెలో పెట్టిన రెండుసార్లూ ఊపిరి తీయడం మరిచిపోయాడు, తల్లి ఒంటికి ఆనాకే మళ్ళీ తీశాడు. ఆమె అది కళ్ళారా చూసింది.

"నా పేణం పోతే పోనియ్యండి. ఈణ్ణి మాత్రం ఇయ్యను." పెదాలు పాలిపోయాయి గానీ గొంతు వణకలేదు.

భర్త చిట్టబ్బాయి వేటపడవ మీద పనిచేస్తాడు. చేతులు కడుక్కుని, చొక్కా విప్పి, మంచానికి అడుగు దూరంలో రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. ఆ చేతుల మధ్య బిడ్డేం ఖర్మ, దూడ పడుతుంది. "ఇటియ్యవే, నేనున్నాను కదా!" అన్నాడు. ఆమె వారించేలోపే నర్సు కట్టు విప్పి బిడ్డను ఎత్తింది. గాలి తగిలీ తగలగానే వాడు కాళ్ళూ చేతులూ ఎగరేసి బిగుసుకుపోయాడు. పక్కనున్న, బిడ్డ ఊపిరి కనిపెట్టే యంత్రం కూత పెట్టింది. నూకరత్నం వాణ్ణి లాక్కుని మళ్ళీ హత్తుకుంది.

కళ్ళెదుట తల్లి చచ్చిపోతుంటే గోడకు ఆనుకుని చూస్తున్న మాష్టారి మీద నీలవేణికి పట్టరాని కోపం వచ్చింది.

"అంత దూరాన నిలబడితే ఎలాగిత్తాను?" అంది నూకరత్నం మొగుడితో. "ఇటొచ్చి కూకో. నా ఒంటికి ఆనుకో."

అతను వచ్చి మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు.

"తల కింద పెట్టు. నా చేతి మీద కాదు, ఆడి తలకే తగలాలి. తగిలిందా?"

"తగిలింది."

"అయితే నాది తీత్తన్నాను."

వలలు లాగి కాయలు కాసిన ఆ చెయ్యి తల కింద కుదురుకున్నాకే ఆమె చెయ్యి జరిగింది. పిర్రల దగ్గరా అంతే. చివరికి మొగుడి రొమ్ము బిడ్డ వీపుకు ఆనిందాకా ఉండి, తన రొమ్మును కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకుంది. బిడ్డ నిద్రలో మూతి చప్పరించాడు. యంత్రం నెమ్మదిగా కొట్టుకుంటూనే ఉంది.

బండి మీద థియేటరుకు తీసుకెళుతుంటే ఆమె తల తిప్పి చెప్పింది: "ఆడికి పాలు ఎవరూ పట్టకండి. నేనొచ్చి పడతాను."

గంటన్నరకు నెత్తురు ఆగిందని కబురొచ్చింది. అప్పటిదాకా మాష్టారు కదలలేదు, నీలవేణీ కదలలేదు. చిట్టబ్బాయి మాత్రం బిడ్డను దించకుండా, భుజంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

తిరిగి వస్తుంటే నీలవేణి దారి పొడుగునా ఆలోచించింది. కళాశాల మెట్ల దగ్గర ఆగింది.

"పొటాషియాన్ని నీళ్ళు ఎందుకు వదులుతాయో తెలిసింది సార్. అవి వదలకముందే, సరిగ్గా దాని కొలతకే ఉన్న ద్వారం గోడలు అన్ని వైపులా అందుకుంటాయి. మరి సోడియం ఇంకా చిన్నది కదా, దాన్నీ అందుకోవచ్చు కదా?"

మాష్టారు రెండు మెట్లు ఎక్కి, వెనక్కి తిరిగి అన్నారు: "చిట్టబ్బాయికి మొదట్లోనూ చేతులున్నాయమ్మా. బిడ్డ దాకా రాలేదు."