మూగగోవిందుల కర్పూరబండ

పూర్వం పినాకినీ నదీతీరాన తిరువెంగళయ్య అనే దాసరి భగవన్నామమే వృత్తిగా, భిక్షయే జీవనంగా కాలం గడుపుతుండేవాడు. నుదుట నిలువు నామంతో, భుజాన శంఖంతో వీధి మొదట నిలిచి 'గోవిందా!' అని ఆయన ఎలుగెత్తితే, ఏటి అవతలి ఊళ్ళో ఆడవాళ్ళు దోసిట బియ్యంతో గడప దాటి వచ్చి నిలబడేవారట. అంతటి కంఠం ఒక శీతకాలాన జబ్బు చేసి ఉన్నపళాన పడిపోయింది. ఏడాది పొడుగునా ఆ ఇంట మాట లేదు, శంఖానికి బూజు పట్టింది, పొయ్యిలో పిల్లి లేవలేదు. ఆయన ఇల్లాలు నాంచారమ్మకు ఆకలి కన్నా ఆ నిశ్శబ్దమే ఎక్కువ బాధగా ఉండేది. చివరికి ఆ ఇల్లాలు, 'స్వామీ, నా పెనిమిటికి గొంతునిచ్చావా, హిమవంతం మీద నారాయణపాదాలు వెలసిన చోటికి నడిచి వచ్చి కర్పూరహారతి ఇస్తాను' అని మొక్కుకున్నది. భక్తసులభుడు కదా ఆయన, గొంతు తిరిగి వచ్చింది.

మొక్కు మొక్కడం తేలిక, తీర్చడంలోనే ఉన్నాయి తిప్పలన్నీ. కర్పూరం హరించిపోకుండా నాలుగు మిరియపు గింజలు కలిపి, గుడ్డలో గట్టిగా మూటగట్టి, దాన్ని కొంగున ముడివేసుకుని నాంచారమ్మ భర్తతోను, మరికొందరు యాత్రికులతోను ఉత్తరదిక్కుగా బయలుదేరింది. ఎన్ని నదులు దాటారో, ఎన్ని సత్రాలలో తలదాచుకున్నారో చెబుతూ కూర్చుంటే కథ ఇక్కడే తెల్లవారుతుంది. దారి పొడుగునా తిరువెంగళయ్య గోవిందనామం మోగుతూనే ఉంది. ఏడాది మూగనోము పట్టిన నోరాయె, అడుగుకొక గోవింద, మలుపుకొక గోవింద! ఆ పిలుపు విన్నప్పుడల్లా నాంచారమ్మ కడుపు నిండిపోయేది.

హిమవంతం పాదం దగ్గర వారికి దారి చూపడానికి బచులీ అనే ముసలి మేకలకాపరి దొరికింది. ఏటేటా దక్షిణాది యాత్రికులతో తిరిగి ఆమె మన మాటలు ముక్కలు ముక్కలుగా నేర్చుకున్నది. దేవదారువులు ఎక్కడ ఆగిపోతాయో, ఆపైన తెల్లని బెరడు పొరలుగా ఊడే భూర్జవృక్షాలు ఎక్కడ మొదలవుతాయో, అవీ చాలించుకున్నాక పచ్చికమైదానాలు ఎంత ఎత్తున పరచుకుని ఉంటాయో ఆమె చూపిస్తుంటే, వీరంతా నోరు తెరిచి చూస్తూ నడిచారు. రాళ్ళసందున బ్రహ్మకమలం కనిపించగానే నాంచారమ్మ చెయ్యి చాచింది. 'అమ్మవారి పండుగ కానిదే దాన్ని తుంచరు తల్లీ. విత్తనం రాలకముందే తుంచితే మళ్ళీ ఏడు పూసేదేది?' అన్నది బచులీ. నాంచారమ్మ చెయ్యి వెనక్కు తీసుకుని ఆ పూవుకే ఒక దండం పెట్టింది.

పచ్చిక అయిపోయి మంచు మొదలయ్యే చోట బచులీ ఆగి, తన మేకల మెడగంటలన్నింటిలోనూ ఉన్ని కూరసాగింది. ఎందుకవ్వా అని అడిగితే ఆ చోటి పాతకథ చెప్పింది. ఒకానొక కాలంలో ఉప్పువర్తకులు వందల మేకల మీద బస్తాలు వేసుకుని, గంటలు గణగణలాడించుకుంటూ ఈ వాలుకు అడ్డంగా పోయారట. పైన కొండచూరు పట్టుకుని వేలాడే మంచు ఆ చప్పుడుకు కదిలి, మనుషులనూ మేకలనూ కలిపి కప్పేసిందట. 'నాటినుంచి ఈ వాలు దాటేదాకా గంట మోగదు, మనిషి నోరు మెదపడు. అవతలనే మీ స్వామి పాదాలు. ఒక్క కేక పడిందా, అరిచినవాడే కాదు, అందరమూ పోతాము' అన్నది ఆ అవ్వ.

అంతే, నాంచారమ్మ గుండెల్లో రాయి పడింది. ఆమె భయం చలికి కాదు, లోయకూ కాదు, కట్టుకున్నవాడి నోటికి! కాలు జారినా గోవిందా, ఆవులించినా గోవిందా అనే మనిషి ఇంత వాలు మాట లేకుండా దాటేదెట్లా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారే! 'ఏమయ్యా, నీకు పుణ్యముంటుంది, దాటేదాకా నోరు మూసుకో' అని గడ్డం పట్టుకుని బతిమాలింది. 'నేనేమన్నా పసివాణ్ణా?' అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అయినా నమ్మకం చాలక, మూటలోంచి ఒక వక్క తీసి ఆయన నోట పెట్టి, పళ్ళ మధ్య కరచిపట్టుకోమన్నది.

ఒకరి వెనుక ఒకరుగా అందరూ వాలు మీదికి అడుగుపెట్టారు. ముందు ఉన్ని నింపిన గంటలతో మేకలు, వాటి వెనుక చిన్న కుండలో నిప్పులు పట్టుకుని బచులీ, ఆ వెనుక నాంచారమ్మ, అందరికన్నా చివర తిరువెంగళయ్య. ప్రాణాలు అరచేత పెట్టుకుని నడుస్తున్న నాంచారమ్మ మాటిమాటికీ వెనుదిరిగి భర్త దవడ కేసే చూస్తున్నది. మంచు నడుమ నల్లగా తలెత్తిన ఒక పెద్దబండ దగ్గరకు వచ్చేసరికి, ఎదుటి గట్టు మీద పాదాల మంటపం మసకగా కనిపించింది. అందరూ నోరు మెదపక చేతులు జోడించారు. తిరువెంగళయ్య మాత్రం ఇల్లాలికి సైగ చేశాడు, తన నోరు చూపించి, కింద మంచు కరిగి పారుతున్న సన్నని నీటిపాయను చూపించాడు. ఎంగిలి నోటితో స్వామి సన్నిధికి పోవడమా? ఆచారం తెలిసినవాడాయె! వద్దు వద్దని నాంచారమ్మ తల ఊపుతుండగానే ఆయన వరుస తప్పి దిగిపోయి, వక్క ఉమ్మేసి, దోసిట నీళ్ళు పట్టి పుక్కిలించాడు. సరిగ్గా అప్పుడే లోయలోంచి పొగమంచు ముంచుకొచ్చి, మనిషికి మనిషి కనపడకుండా చేసింది.

నాంచారమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. కొండదారిలో తప్పిపోయినవాడు 'గోవిందా' అని పిలవాలి, తోటివారు 'గోవిందా' అని బదులు పలకాలి, ఆ పలుకు పట్టుకుని అతడు వచ్చి కలుసుకోవాలి. మన యాత్రికులకు తాతలనాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ అది. ఒంటరినయ్యానని తెలిసిన మరుక్షణం ఆయన పిలుస్తాడు, పిలవకుండా ఉండలేడు. 'పిలవకయ్యా' అని చెప్పాలన్నా తానే కేక వెయ్యాలి. వెతకబోతే అవ్వ చెయ్యి వదలడం లేదు, అడుగు తప్పితే పాతాళమే. అప్పుడు ఆమె చెయ్యి తనంత తానే కొంగుముడి మీదికి పోయింది. కళ్ళకు కనపడకపోతే నేమి, చెవికి పిలుపు వినిపించే వీలు లేకపోతే నేమి, దాసరి ముక్కు కర్పూరవాసనను ఎక్కడున్నా పట్టుకుంటుంది! మొక్కుకు దాచిన కర్పూరమంతా ఆ బండ మీద కుప్పపోసి, బచులీ కుండలోని నిప్పు ముట్టించింది.

మంట భగ్గుమని లేచాక గాని ఆ ఇల్లాలికి తాను చేసిన పని తెలియలేదు. హారతి కళ్ళబడగానే దాసరివాడు మొదట చేసేదేమిటి? గొంతెత్తి గోవింద కొట్టడమే గదా! అయ్యో, నా చేతులతో నేనే పిలుపు అందించానే అని ఆమె బండ ముందు సాగిలపడింది. పొగమంచులో అడుగుల చప్పుడు దగ్గరవుతున్నది. నాంచారమ్మ బండకు నుదురు ఆనించి లోలోపల మొరపెట్టుకున్నది: 'తండ్రీ, నువ్విచ్చిన గొంతు నువ్వే పుచ్చుకో. మళ్ళీ అడగను. మనిషిని నాకు మిగుల్చు.'

తల ఎత్తేసరికి తిరువెంగళయ్య ఎదుట నిలిచి ఉన్నాడు. హారతిని చూసి చేతులు రెండూ పైకెత్తాడు, గుండెల నిండా గాలి పీల్చాడు, నోరు బార్లా తెరిచాడు. పెదవులు 'గోవిందా' అన్నాయి. చప్పుడు మాత్రం లేదు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ లేదు. ఆయన గొంతు తడుముకుని వెర్రిచూపు చూస్తుంటే, నాంచారమ్మ ఆయన కాళ్ళు పట్టుకుని నోట కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆ మరునిమిషమే పైచూరు మంచు తన బరువుకు తానే విరిగి, ఉరుమై దిగివచ్చి, ఆ బండ దగ్గర రెండు పాయలుగా చీలి ఇరుపక్కల నుంచీ జారిపోయింది. నీటిపాయ చోటు కనపడకుండా పోయింది. ఎదుటి గట్టూ మంటపమూ కూడా కప్పబడిపోయాయి. యాత్రికులలో ఒక్కరికీ గోరంత గాయమైనా తగలలేదు. 'ఇక పాదాల దగ్గరకు దారి లేదు తల్లీ' అని బచులీ గుసగుసగా అంటూనే బండ వైపు చూసి చేతులు జోడించింది. కర్పూరం కాలిన చోట రాతిలో రెండు పాదాల గుర్తులు పడి ఉన్నాయి. దాసుని తప్పు దండంతో సరిపెట్టే స్వామి, తానే నడిచి వచ్చి హారతి అందుకున్నాడు.

నేటికీ ఆ బండ మీద మంచు నిలవదంటారు. తరువాతివారు అక్కడ కట్టిన గంట నాలుకకు ఉన్ని చుట్టి ఉంటుంది. ఎవరూ మోగించరు. తెలుగుదేశం నుంచి పోయిన యాత్రికులు అక్కడ కర్పూరం వెలిగించి, చేతులెత్తి, పెదవులతో మాత్రమే గోవిందనామం పలికి, మాట లేకుండా వాలు దిగుతారు. దిగి పచ్చిక మీద కాలు మోపాక మొదటి కేక మగవాళ్ళు వెయ్యరాదు, ఆడవాళ్ళే వెయ్యాలి. ఎందుకంటే ఆనాడు ఊరు చేరిన తరువాత పినాకినీతీరాన తిరువెంగళయ్య ఎప్పటిలాగే శంఖం భుజాన వేసుకుని వీధి మొదట నిలిచి పెదవులు కదిపేవాడట. పక్కన నిలిచి ఆ కదలికనే చూస్తూ, నాంచారమ్మ ఏటి అవతలికి వినపడేటట్టు గొంతెత్తి 'గోవిందా' అనేదట.