పక్వజలం, పక్క జలం

కొండలకూ ఏటికీ నడుమ కనుమగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మార్తాండవర్మకు అరవై ఏళ్ళు దాటాయి. మహా పండితుడు. ఆ సంగతి ఎదుటివాళ్ళు ఎక్కడ మరిచిపోతారోనని ఆయనకు ఎప్పుడూ బెంగ.

ఒక వానాకాలం నగరంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నీళ్ళు మరగబెట్టి తాగితే జబ్బు తగ్గుతుందని ఆస్థాన వైద్యుడు చెన్నుభట్టు చెప్పాడు. ఆ మాట మరీ నాటుగా ఉందని రాజు స్వయంగా దిద్ది, వీధివీధినా చాటింపు వేయించాడు. "పురజనులెల్లరు పక్వజలమునే పానము సేయవలయును. అపక్వజలము వర్జ్యము."

వానాకాలం సగం గడిచినా జబ్బు తగ్గలేదు సరికదా, సాలెవీధిలో మరీ ముదిరింది. భటులు వెళ్ళి చూస్తే అక్కడ ఒక్క పొయ్యి మీదా నీళ్ళు మరగడం లేదు. రాజుకు ఒళ్ళు మండింది. రాజాజ్ఞను లెక్కచేయని వీధి తన నగరంలో ఉండనక్కరలేదని, పున్నమిలోగా అందరూ ఇళ్ళు ఖాళీ చేసి ఏరు దాటాలని తీర్పు చెప్పాడు.

ఆ కొలువులో సింగన అనే విదూషకుడు ఉన్నాడు. అతను పుట్టింది సాలెవీధిలోనే. తల్లి ఓబమ్మ ఇంకా అక్కడే, మగ్గం ఉన్న పాత ఇంట్లోనే ఉంటోంది. సభ ముగియడం ఆలస్యం, తల్లి దగ్గరికి పరుగెత్తాడు.

ఓబమ్మ అప్పుడే బిందె దించి ఆయాసపడుతోంది. రాజుగారి మాట ఎందుకు వినలేదమ్మా అని అడిగితే ఆవిడకు కోపం వచ్చింది.

"వినకపోవడమేమిట్రా? పక్క జలమే తాగమన్నారు. గుమ్మం ముందున్న బావి మానేసి, ఈ నడుంనొప్పితో పక్క వీధి నుంచి మోసుకొస్తున్నాను. ఆ పక్క జలం కూడా వర్జ్యంలో పనికిరాదన్నారని, పంతులుగారిని వేళ అడిగి మరీ తెచ్చుకుంటున్నాం. ఇంకెలా వినాలి?"

సింగనకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. సరిగా తెలియకపోతే చాటింపువాణ్ణి ఇంకోసారి అడగకపోయావా అన్నాడు. ఇంత వయసొచ్చి నలుగురిలో అర్థం కాలేదని ఎలా అడుగుతానురా అంది ఓబమ్మ.

ఉన్నదున్నట్టు చెబితే, అది వాళ్ళ తెలివితక్కువతనమని రాజు తోసిపారేస్తాడని సింగనకు తెలుసు. అక్కణ్ణుంచి తిన్నగా చెన్నుభట్టు ఇంటికి వెళ్ళి, తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడాడు.

మర్నాడు సభలో రాజు ఎప్పటిలాగే మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చున్నాడు. చెన్నుభట్టు ఒక మందు జాడీ ఆయన ముందుంచి, తాంబూలం నములుతూ నోట్లోనే ఏదో గొణిగి వెళ్ళిపోయాడు. రాజు గంభీరంగా తలూపాడు.

పున్నమి ఇంకా రెండు రోజులుందనగా వైద్యుడు నిండు సభలో, నొప్పి ఎలా ఉందని అడిగాడు. రాజు మొహం చిట్లించి, నొప్పి మాట అటుంచి, ఆ మందు చేదుకు పాయసం కూడా సహించడం లేదన్నాడు.

"తాగారా ప్రభూ? అది మోకాళ్ళకు రాసుకునేది. పూతకొక గరిటె అని మనవి చేశాను."

"పూటకొక గరిటె అన్నావు కదా?"

సింగన లేచి, వైద్యుడి ఆజ్ఞ మీరినవారికి శిక్ష ఏమిటో సెలవివ్వమన్నాడు.

"మీరడమేమిటి? కళ్ళు మూసుకుని పూటపూటకీ మింగాను. నాకు వినబడింది అదే."

"అయితే ఇంకోసారి అడగవలసింది ప్రభూ."

"నిండు సభలో, వినబడలేదని ఎలా అడగను?"

"మా అమ్మా ఇదే మాట అంది ప్రభూ."

సింగన జరిగిందంతా చెప్పాడు. తాగినా, చెవిలో పోసుకున్నా ప్రమాదం లేని మందే ఇచ్చి, మాట నోట్లోనే గొణగమని తనే వైద్యుణ్ణి వేడుకున్నానని కూడా ఒప్పుకున్నాడు. "ఇంత చదువున్న ప్రభువులకే వయసు అడ్డొచ్చింది. సాలెవీధి ముసలివాళ్ళకు వయసుంది, చదువు లేదు. అయినా తమకు వినబడిన రాజాజ్ఞను నడుములు విరిగేలా పాటించారు."

రాజు మొహం ఎర్రబడింది. తర్వాత 'పక్క జలం' అని తనలో తనే అనుకున్నాడు. పెదవులు వణికాయి. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

ఆ సాయంత్రమే తీర్పు రద్దు చేసి, చాటింపువాణ్ణి వెంటబెట్టుకుని సాలెవీధికి వచ్చాడు. నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి తాగమని తనే చెప్పాడు. చెప్పి వెళ్ళిపోలేదు. ఓబమ్మను పిలిచి, అమ్మా, నేనేం చెప్పానో ఒకసారి చెప్పు అన్నాడు.

"నీళ్ళు కుతకుతా ఉడకాలి, చల్లారాక తాగాలి. బావి ఏదైనా సరే. అంతేనా నాయనా?"

"అంతే తల్లీ. నాకన్నా నువ్వే బాగా చెప్పావు."

వీధికొక పెద్ద తన మాటల్లో తిరిగి చెబితే గానీ చాటింపువాడు ఆ వీధి దాటకూడదని రాజు అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు. తన భుజం మీది శాలువా తీసి సింగనకు కప్పాడు. సింగన దాన్ని తల్లికి కప్పి, అందరూ వినేలా, ఈమె మా అమ్మ అన్నాడు.

ఓబమ్మ శాలువా అంచును వేళ్ళతో తడిమి చూసింది. తలెత్తి రాజువైపు చూసింది.

"ఈ నేత మా వీధిదే నాయనా."