పీపాల క్లెమెన్సు తలూపిన రోజు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగే కాలంలో, సముద్రాలు దాటి పోతే అమెరికా దేశం, ఆ దేశంలో ఒక పెద్ద ఏరు, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో వెండ్లర్ దొర బీరు కార్ఖానా పెట్టాడు. బీరు అనగానే ఆ మూలనున్న ముసలాయన ఎలా ముందుకొచ్చాడో చూడండి! రా బాబాయ్, రా. ఈ కథ వింటే మాత్రం కైపెక్కదు.

ఆ కార్ఖానాలో క్లెమెన్సు అని ఒక కూలీ ఉండేవాడు. చదువు లేదు, పెళ్లాం పిల్లలు లేరు. ఉన్నదల్లా ముక్కు. అప్పట్లో బీరు పోసేది చెక్క పీపాల్లో. ఊళ్లు తిరిగి ఖాళీగా వచ్చిన పీపాలను కూలోళ్లు వేడినీళ్లతో కడిగేవాళ్లు. కడిగిన పీపా బెజ్జం దగ్గర క్లెమెన్సు ముక్కు పెట్టేవాడు. ఒకసారి పీల్చేవాడు, రెండుసార్లు పీల్చేవాడు, మూడుసార్లు పీల్చేవాడు. బాగుంటే తలూపేవాడు. చెక్కకి పులుపు పడితే తల అడ్డంగా తిప్పేవాడు. ఇంక ఆ పీపా పొయ్యిలోకే.

పెద్ద దొర అతని మాట కాదనేవాడు కాదు. "క్లెమెన్సు తలూపితే పొయ్యండి, లేదంటే పగలగొట్టండి" అనేవాడు. కార్ఖానా పెరిగింది. కొడుకు దొరయ్యాడు. పీపాలన్నీ తగలేస్తున్నాడని సణిగేవాడు గానీ, మాట వినేవాడు. కార్ఖానా ఇంకా పెరిగింది. మూడొందల ఇళ్లు దాని మీదే బతికేవి. "క్లెమెన్సు తలూపిన బీరు" అని ఊరూరా అడిగి తాగేవాళ్లు.

తర్వాత మనవడొచ్చాడు. మనవళ్ల సంగతి మీకు చెప్పాలా! కొత్త పీపాలు కొననన్నాడు. పాతవే కడిగి తిప్పమన్నాడు.

ఒక ఏడు తిరునాళ్ల ముందు పీపాలు కొండలా వచ్చి పడ్డాయి. క్లెమెన్సు మొదటిది చూశాడు, తల అడ్డంగా తిప్పాడు. రెండోది చూశాడు, అడ్డంగా తిప్పాడు. మూడోది కూడా అంతే. మధ్యాహ్నానికల్లా మనవడు దొర ఊగిపోతూ వచ్చాడు.

"నింపడానికి పీపాల్లేవా? అయితే తాళం వేస్తా. అందరూ ఇళ్లకి పోండి!"

కూలోళ్లంతా క్లెమెన్సు చుట్టూ మూగారు. పీపాలు కడిగే ఫ్రీడా ముందుకొచ్చింది. మొగుడు పోయి, ముగ్గురు పిల్లలతో ఉన్న మనిషి.

"క్లెమెన్సన్నా, ఈ ఒక్కసారికీ తలూపు. నీకు దణ్ణం పెడతా."

"పీపాలు పులిసిపోయాయమ్మా."

"పుల్లటి బీరు తాగి ఎవరూ చావరు. పని పోతే మేం చస్తాం."

"ఊపవయ్యా!" అన్నారు మిగతావాళ్లు.

క్లెమెన్సు మళ్లీ మూడుసార్లు పీల్చాడు. వేడినీళ్లకి పగిలిన ఫ్రీడా చేతులు చూశాడు. తలూపాడు. అయ్యో, ఎంత పని చేశాడు!

బండ్లు కదిలాయి. మొదటి ఊళ్లో పీపా తెరిచి, ముఖం చిట్లించి ఏట్లో పారబోశారు. రెండో ఊళ్లో పారబోశారు. మూడో ఊళ్లోనూ పారబోశారు. మనవడు దొర ఒకచోట నీళ్ల తప్పన్నాడు, ఒకచోట ఎండల తప్పన్నాడు, చివరికి తాగేవాళ్ల నాలుకలదే తప్పన్నాడు. సిగ్గు లేదు మనిషికి!

క్లెమెన్సు సంతలో నిలబడి టోపీ తీశాడు.

"నీళ్ల తప్పు కాదు, ఎండల తప్పు కాదు, మీ నాలుకల తప్పు కాదు. పీపాలు పులిశాయని నాకు తెలుసు. తెలిసే తలూపాను."

ఎవరు ఊపమన్నారో చెప్పలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు.

ఆ పూటే అతని పని పోయింది. నమ్మకం చెడిన బీరు ఎవరు కొంటారు? రెండేళ్లలో గుర్రాలు అమ్ముడుపోయాయి, గేటుకి తాళం పడింది. ఊరు నిలుపుకోవాలనుకున్న కూడు ఎలాగూ పోయింది.

ఫ్రీడా రొట్టె పట్టుకుని క్లెమెన్సు గుడిసెకి వెళ్లింది.

"అన్నా, నా పిల్లల కోసం నీ నోరు నొక్కేశాను. 'నువ్వు కాదనెయ్, నీకు మేమున్నాం' అని ఆ రోజు మాలో ఒక్కరమైనా అనలేకపోయాం" అని బావురుమంది.

"కూర్చోమ్మా, రొట్టె చల్లారిపోతుంది" అన్నాడు క్లెమెన్సు. ఇద్దరూ తిన్నారు.

అతను పోయేదాకా ఆ మూడొందల ఇళ్లవాళ్లు, తమకు ఉన్నా లేకపోయినా, వంతులేసుకుని అతనికి అన్నం పెట్టారు. కార్ఖానా ఎక్కడుండేదో ఇవాళ ఎవరికీ తెలీదు. కానీ ఆ ఊళ్లో కొత్త వంతెన గట్టిదో కాదో చెప్పమన్నా, బావి నీళ్లు మంచివో కావో చెప్పమన్నా, చెప్పాల్సిన మనిషిని ముందు కూర్చోబెట్టి భోజనం పెడతారు. చెయ్యి కడుక్కున్నాక, "నువ్వు కాదన్నా సరే, రేపు కూడా నీకు మా ఇంట్లో అన్నం ఉంది" అంటారు.

ఆ మాట అన్నాకే, ఇప్పుడు చెప్పు అని అడుగుతారు.